అతిథియు గడపయు

గడప యనునది గోడ కాదు. గోడ లోపలివారిని వెలుపలివారినుండి వేఱు చేయును. గడప వెలుపలివారిని లోనికిఁ జేర్చును. కడప పట్టణమునకుఁ బేరు గడప యను మాటనుండియే వచ్చినదని జనులు చెప్పుకొందురు. తిరుమలకుఁ బోవు యాత్రికులు ముందుగా దేవుని కడపలోని వేంకటేశ్వరుని సేవించి, పిమ్మటఁ గొండకుఁ బోవుట యాచారము. కావున నీ స్థలము తిరుమలకు గడప యయ్యెనందురు. ఊరి పేరే గడపయైన సీమలో నొక ప్రశ్న వేయుట యనుచితము గాదు. కాళ్లు సరిగా నాడని యతిథి మన గడప దాఁటి లోపలికి రాలేకపోయెనేని యా లోప మెవ్వరిది? అతని కాలిదా? మన గడపదా?

ఈ ప్రశ్న వాదముకొఱకు వేసినది గాదు. కర్నూలు కడపల సీమ యాత్రాస్థలములకుఁ బెట్టినది పేరు. తుంగభద్రాతీరమున మంత్రాలయము, 2022 ఏప్రిలులో కర్నూలునుండి వేఱుపడిన నంద్యాల జిల్లాలో శ్రీశైలము, అహోబిలము, మహానంది, యాగంటి, కడపలో దేవుని కడపయు, అమీన్ పీర్ దర్గాయు, అచటికి సమీపముననే ఒంటిమిట్ట. వీనికి వచ్చువారందఱును బలిష్ఠులా? మ్రొక్కుకొన్న రోగులు, పక్షవాతమునఁ గాలుసేతులు పడిపోయినవారు, మోఁకాళ్లరిగిన ముసలివారు, చిన్ననాఁడు పోలియో సోఁకినవారు నిందుఁ గలరు. దుఃఖము గలవాఁడే దేవునియొద్దకు ముందుగా వచ్చును. కాఁబట్టి యీ సీమలోని బసలకు నడవలేని యతిథి యెన్నఁడో దారి తప్పి వచ్చినవాఁడు గాఁడు. ముఖ్యముగా నెదురు చూడవలసినవాఁడు.

ఏనుగుల వీరాస్వామయ్య 1830 వ సంవత్సరమునఁ జెన్నపట్టణమునుండి కాశికి బయలుదేఱి కడప, అహోబిలము, శ్రీశైలముల మీఁదుగానే పోయెను. ఆయన కాశీయాత్రచరిత్ర చదివినవారికి, మజిలీ మజిలీకిని దిగుటకు వసతి యున్నదా, నీళ్లున్నవా యనునదే యాత్రికుని మొదటి విచారమని తెలియును. ఆయన పల్లకిలోఁ బోయెను, మోయుటకు బోయీలుండిరి. పల్లకియు బోయీలును లేని నిరుపేద నడవలేనివాఁ డా కాలమున నే సత్రపు టరుగుమీఁద నాఁగిపోయెనో చెప్పువారు లేరు. నేఁడు సత్రములతోపాటు లాడ్జీలును హోటళ్లును వెలసినవి. పల్లకులు పోయి బస్సులును రైళ్లును వచ్చినవి. అయినను నా నడవలేనివాని కథ యెంతవఱకు మాఱినదో చూతము.

ఒక విశ్రాంతోపాధ్యాయుఁడు చక్రముల కుర్చీలోఁ గూర్చుండి, భార్యతోఁ గూడ, అట్టి యొక లాడ్జికి వచ్చెననుకొందము. గది ముందుగాఁ జెప్పియుంచెను, రూకలు చెల్లించెను. వాకిట నాలుగు మెట్లు. ప్రక్కన నొక వాలు గలదు గాని, యది మోటారుసైకిళ్లను పైకెక్కించుటకు వేసిన నిట్టవాలు. దానిపైఁ గుర్చీ నెక్కింపఁబోయిన వెనుకకు దొరలును. గది తలుపు నెట్లో దాఁటవచ్చును. స్నానపుగది తలుపు రెండున్నర యడుగులు. ద్వారబంధమును దెఱచిన రెక్కయుఁ బోఁగా మిగులు సందు అంతకంటెఁ దక్కువ. కుర్చీయో రెండడుగులకుఁ బైమాట. చక్రములను ద్రిప్పు చేతులకును జోటు గావలెను. లోపల నొక జానెఁడు దిగుడు, తడిసిన నున్నని బండలు. పట్టుకొనుటకు గోడ తప్ప మఱేమియు లేదు. మంచము మిక్కిలి యెత్తు. దీపపు స్విచ్చు కూర్చున్నవాని చేతి కందదు.

యజమానుఁడు దుష్టుఁడు గాఁడు. ఆయన వెంటనే లేచి వచ్చి, "అయ్యవారూ, మీరేం దిగులు పడొద్దండి. మా పనోళ్లు నలుగురుండారు, కుర్చీతో సహా ఎత్తి లోపల పెడతారు" అని ధైర్యము చెప్పును, చెప్పినట్లే చేయించును. వీధిలోనివారు నిలిచి చూతురు. ఇందులోఁ దప్పేమున్నది? దయ యున్నది, శ్రమ యున్నది, మర్యాద యున్నది గదా యని పలువు రడుగుదురు. ఈ ప్రశ్నకే మేము సమాధానము చెప్పఁగోరుచున్నాము.

పగలు నలుగు రెత్తి లోపల దింపిరి, సరియే. రాత్రి రెండుగంటలవేళ కాలకృత్యమునకుఁ బోవలసివచ్చిన నా నలుగురిని లేపవలెనా? స్నానము చేయునపుడు వారి నెదుట నుంచుకొనవలెనా? వృద్ధురాలైన భార్య యొక్కతె యతని నెత్తఁగలదా? ఈ సంకటము నెఱిఁగినవారు ప్రయాణమునకు ముందునుండియే నీళ్లు త్రాగుట తగ్గించుకొందురు. వేసవిలో నలువది డిగ్రీలు దాఁటిన యెండలో, కర్నూలు కడపల నడుమ, ఒక మనుష్యుఁడు తెలిసి తెలిసి దాహమును బిగఁబట్టుకొని కూర్చుండును. ఏలయన నొక తలుపు నాఱంగుళములు చిన్నదయ్యెను. ఇంటికి వచ్చినవానికి మొట్టమొదట నీళ్లిచ్చుట యీ యెండసీమ వాడుక. ఆ నీటిని ద్రాగుటకే భయపడునట్లు గది కట్టి, చెంబెఁడు నీళ్లు చేతి కందించుట యే మర్యాద?

సహాయము రెండు విధములు. ఒకటి మనము కోరి పుచ్చుకొనునది. రెండవది పుచ్చుకొనక తప్పనిది. స్వయముగాఁ బోఁగల త్రోవ యుండఁగా నొకఁడు చేయి యందించిన నది స్నేహము. త్రోవ లేకుండఁ జేసి పిమ్మటఁ జేయి యందించిన నది ఋణము తీర్చుటలో నొక భాగము మాత్రమే. దానికి దయ యని పేరు పెట్టి పుణ్యము లెక్క వ్రాసికొనుట తగదు. మొదటి దానిలో నిద్దఱును సమానులు. రెండవదానిలో నొకఁ డెత్తువాఁడు, ఒకఁ డెత్తఁబడువాఁడు. పాఠములు చెప్పి వందలమందిని మనుష్యులఁ జేసిన యుపాధ్యాయుఁడు లాడ్జి వాకిట మూటవలె నెత్తఁబడుటకుఁ గారణ మతని జబ్బు గాదు, ఆ నాలుగు మెట్లు.

కొండలకును వాలు గట్టుదురా యని యొకరు పరిహసింపవచ్చును. ఎగువ అహోబిలమునుండి జ్వాలానృసింహుని సన్నిధికిఁ బోవు త్రోవ ఱాళ్ల త్రోవ. నడవలేనివారిని డోలీలలో మోసికొనిపోవు వాడుక యచటఁ గలదు. ఆ మోఁతను మేము నిందింపము. కొండను మనుష్యుఁడు కట్టలేదు. ప్రకృతి యడ్డమైనచోట నలుగురు భుజము పట్టుట యుదాత్తమైన పని. కాని లాడ్జి మెట్టు ప్రకృతి గాదు. దానిని మేస్త్రి యొకనాఁడు, యజమానుఁడు ప్రక్కన నిలిచియుండఁగా, దారము పట్టి కొలిచి పెట్టెను. ఆనాఁ డొక యరగంట యాలోచించియున్న నది లేకయే పోయియుండును. దేవుఁడు పెట్టిన కొండకును మనము పెట్టిన మెట్టునకును భేదము తెలియనివాఁడు తన పొరపాటుల నన్నిటిని దేవునిమీఁదనే పెట్టును.

ఇంకొక సమాధానము కలదు. దానిని నోట ననువారు తక్కువ, మనస్సున ననుకొనువా రెక్కువ. పూర్వజన్మమునఁ జేసినదానిని వాఁ డనుభవించుచున్నాఁడు, మనమేమి చేయుదుమని. కర్మసిద్ధాంతముయొక్క సత్యాసత్యముల నిచట విచారింపము. దాని నంగీకరించినను నీ వాదము నిలువదు. కాలు వాని కర్మమైనచో మెట్టు మన కర్మము. వాని పూర్వజన్మ మెవ్వరికిని గానరాదు. మన మీ జన్మమునఁ గట్టిన మెట్టు కన్నులయెదుటనే యున్నది. కానరాని లెక్కను వల్లించుచుఁ గనఁబడు లెక్కను దాఁటవేయుట ధర్మమెఱిఁగినవారి పద్ధతి గాదు.

యజమానుల పక్షము నాలింపకుండుటయు న్యాయము గాదు. చిన్న లాడ్జి నడుపువాఁడు పదిపండ్రెండు గదులపై బ్రదుకుచు, వేసవిలో నీళ్ల ట్యాంకరునకు రూకలు పోయుచుండును. అట్టి యతిథులు ఏఁటి కిద్దఱైన వత్తురో రారో, వారికై గోడలు పగులఁగొట్టవలెనా యని యాయన యడుగును. వారేల రారు? గది లేదు గనుక రారు. రారు గనుక గది కట్టరు. ఇది బావి త్రవ్వని యూర నీళ్లు చేఁదువారు లేరని లెక్క వ్రాసినట్లున్నది. 2011 వ సంవత్సరపు జనాభా లెక్కలలో మన దేశమున 2 కోట్ల 68 లక్షల మంది అంగవైకల్యము గలవారుగా నమోదైరి; అందు నడకకును కదలికకును సంబంధించిన వైకల్యము గలవా రేఁబది లక్షలకు మించిరి. ముదిమిచే మోఁకాళ్లు పట్టుకొనిపోయినవా రందఱును నీ లెక్కలోనికి వచ్చినవారు గారు. వీరందఱు యాత్ర గోరనివారా? కోరిక లేక కాదు, దిగుటకుఁ జోటు లేక యిల్లు గదలనివారు వీరిలో నెందఱో కలరు.

అన్ని గదులను మార్చుమని మేము చెప్పము. క్రింది యంతస్తున నొక్క గదితో మొదలు పెట్టవచ్చును. దానికిఁ గావలసినవి బ్రహ్మవిద్యలు గావు. మెట్టు లేని వాకిలి, మూఁడడుగుల తలుపులు, కుర్చీ తిరుగుట కైదడుగుల చోటు, అడుగున్నర యెత్తున కూర్చుండు మరుగుదొడ్డి, దాని ప్రక్కను గోడలో గట్టిగా దిగఁగొట్టిన యుక్కు కమ్ములు, కూర్చుండి స్నానము చేయుట కొక యాసనము, కుర్చీతో సమానమైన యెత్తు గల మంచము, చేతి కందు స్విచ్చులు. వాలునకు లెక్క యొకటి కలదు. ఒక యడుగు ఎత్తునకుఁ బండ్రెండడుగుల పొడవు. నాలుగు మెట్లు కలిసి రెండడుగుల యెత్తైన, నిరువదినాలుగడుగుల వాలు గావలెను. చోటు చాలనిచో నడుమ మలుపు త్రిప్పవచ్చును. ఇందులకు ఱాయి వెదకికొని దూరము పోవలసిన పని లేదు. కడప నల్లబండయు, బేతంచెర్ల నాపఱాయియు నితర సీమలకు సైతము నేలలకును మెట్లకును బోవుచున్నవి. మెట్టగుట కొప్పిన బండ వాలగుటకును నొప్పును. మెఱుఁగు పట్టక గరుకుగా నుంచిన చాలును. ఇల్లు కట్టునపుడే తలుపు వెడల్పు చేయుట కగు వ్యయము స్వల్పము. కట్టిన పిమ్మట గోడ పగులఁగొట్టుటయే వ్యయము. ఆలోచింపనివాని కే పనియైనను ఖరీదైనదే.

శాసన మీ విషయమున మౌనముగా లేదు. మన దేశము 1995 లో నొక చట్టము చేసెను. ఐక్యరాజ్యసమితి 2006 లోఁ జేసిన వికలాంగుల హక్కుల ఒడంబడికను 2007 లో నంగీకరించెను. 2016 వ సంవత్సరపుఁ జట్టము బహుజనులు వచ్చిపోవు భవనములు, ప్రభుత్వమువైనను బ్రైవేటువైనను, అందఱికిని బ్రవేశయోగ్యములుగా నుండవలెనని విధించి, పాతకట్టడముల కైదేండ్ల గడువిచ్చెను. 2017 లో నియమములు వెలువడినవి. ఆ గడువు 2022 తోఁ దీఱెను. 2024 నవంబరు 8 న సుప్రీము కోర్టు, ప్రవేశయోగ్యతా నియమములు కేవలము సలహాలుగా నుండిన జాలదనియు, తప్పక పాటింపవలసినవి చేయవలెననియుఁ దీర్పు చెప్పెను. నక్షత్రముల హోదా గోరు హోటళ్లలో నొక గదియైన నిట్టివారికి ననుకూలముగా నుండవలెనని కేంద్ర పర్యాటకశాఖ నియమము. కాని యాత్రాస్థలములలోని చిన్న లాడ్జీవాఁడు నక్షత్రముల నడుగఁడు.

చట్టము వాలును గట్టింపఁగలదు. వాలుపైఁ బూలకుండీలు పెట్టకుండఁ జేయఁగలదా? గదిని గట్టింపఁగలదు, దానిని పాతపఱుపుల కొట్టుగా మార్చి తాళము వేయకుండఁ జేయఁగలదా? అది మనుష్యుల మనస్సు చేయవలసిన పని. అమెరికా దేశమున 1990 మార్చి 12 న, వాషింగ్టను నగరములోని శాసనసభాభవనము నెదుటఁ బలువురు తమ చక్రముల కుర్చీలను, ఊఁతకఱ్ఱలను విడిచి, చేతులతోను మోఁకాళ్లతోను బ్రాఁకుచు మెట్లెక్కిరి. ఆ యేఁటనే జూలై 26 న వారి హక్కుల చట్టముపై దేశాధ్యక్షుఁడు సంతకము చేసెను. అంతవఱకు నిత్యము నా మెట్లెక్కి దిగినవారికి మెట్టన నేమో యానాఁడు కనఁబడెను. మన లాడ్జీల వాకిళ్లయం దట్టి దృశ్యము జరుగుదాఁక మనము వేచియుండవలెనా?

ఇట్టి సందర్భములలో, మనకును ముసలితనము వచ్చును, మనకును గాలు విఱుగవచ్చును, కావున మన మేలుకొఱకే చేయుదమని చెప్పుట పరిపాటి. ఆ మాట నిజమే. కాని దానిమీఁద ధర్మమును నిలుపుట మాకిష్టము లేదు. రేపు మన కాలు విఱుగదని యెవఁడైనఁ బూఁటపడినచో, నపుడు మెట్లు న్యాయమగునా? అతిథిని దేవునిగాఁ జూడుమని తైత్తిరీయోపనిషత్తు చెప్పినపుడు, వాని స్థితి రేపు నీకు వచ్చును గనుక నని చెప్పలేదు. వాఁడు వచ్చెను, అది చాలును.

కాఁబట్టి లాడ్జి యజమానులకు మా మనవి. గది యడిగినవానికి మెట్లెన్ని, తలుపెంత యని ఫోనులోనే యున్న దున్నట్లు చెప్పుఁడు. సత్యము చెప్పుటకు వ్యయము లేదు. ఎత్తవలసివచ్చినచో నెత్తుటకు ముందు, ఎట్లు పట్టుకొనవలెనో యతనినే యడుగుఁడు. ఈ యేఁడు వాకిలి, వచ్చు నేఁడు స్నానపుగది యైనను సరిచేయుఁడు. పాఠకులకును మా మనవి యొకటి గలదు. పెండ్లికో యాత్రకో గదులు మాటలాడుకొనునపుడు, అద్దె యెంత, నీళ్లు వచ్చునా యని యడిగినట్లే, మెట్టు లేని గది యున్నదా యని యడుగుఁడు. మీ కక్కఱ లేకపోయినను నడుగుఁడు. పదుగురు కాళ్లున్నవా రడిగిన ప్రశ్నను యజమానుఁడు త్రోసివేయలేఁడు. అపుడు నడవలేని యతిథి వాకిట నిలిచి యడుగవలసిన పని యుండదు.