నికెల్ మైన్స్‌లో క్షమకు అయిన ఖర్చు

2006 అక్టోబర్ 2న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, నికెల్ మైన్స్ అనే పల్లెలో, అమిష్ అనే క్రైస్తవ శాఖ పిల్లలు చదివే ఒంటిగది బడిలోకి ఒకడు తుపాకీతో చొరబడ్డాడు. మగపిల్లల్ని బయటికి పంపేసి, పదిమంది ఆడపిల్లల్ని కాల్చాడు. ఐదుగురు చనిపోయారు. తర్వాత తనను తాను కాల్చుకున్నాడు. అతను పరాయివాడు కాదు. ఆ చుట్టుపక్కల అమిష్ రైతుల ఇళ్ల నుంచి పాలు తీసుకెళ్లే ట్యాంకర్ డ్రైవర్.

ఆ రోజే కొందరు అమిష్ పెద్దలు హంతకుడి భార్యను పరామర్శించారు. అతని ఖననానికి బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు కూడా వెళ్లారు.

ఈ క్షమకు లోకం చేతులెత్తి మొక్కింది. కానీ ఇక్కడ గట్టి ధర్మసందేహం ఒకటుంది. చనిపోయిన బిడ్డ తరఫున క్షమించే హక్కు ఎవరికుంది? కన్నవాళ్లకైనా ఉందా? నిజం చెప్పాలంటే ఎవరికీ లేదు. తమ కోపాన్ని వదులుకోవడం వరకే వాళ్ల చేతుల్లో ఉంది. బతికున్న పిల్లల్ని కాపాడుకోవడం మాత్రం హక్కు కాదు, బాధ్యత. అమిష్ సంఘం చేసిన పనుల్లో అసలు విలువైనది అదే.

వాళ్లు సాధారణంగా బీమా కొనరు. ఒకరి ఆసుపత్రి ఖర్చును సంఘమంతా పంచుకుంటుంది. ఈసారి బయటి నుంచి 40 లక్షల డాలర్లకు పైగా విరాళాలు వచ్చాయి. లెక్క చూడటానికి ఒక కమిటీ వేసుకున్నారు. గాయపడిన పిల్లల వైద్యానికి ఇచ్చారు, హంతకుడి కుటుంబానికీ వాటా పెట్టారు. అతని ముగ్గురు పిల్లలకు తండ్రి పోయాడు, నింద మిగిలింది. వాళ్లూ ఆ హింసకు బలైనవాళ్లేనని డబ్బు రూపంలో ఒప్పుకోవడానికి పెద్ద మనసే కావాలి.

పాత బడిని పది రోజుల్లోనే కూల్చేశారు. దగ్గర్లోనే కట్టిన కొత్త బడి 2007 ఏప్రిల్ 2న తెరుచుకుంది.

హంతకుడి తల్లి, కదలలేని స్థితిలో మిగిలిన ఒక పాపను చూసుకోవడానికి ఏళ్ల తరబడి వారం వారం ఆ ఇంటికి వెళ్లింది. ఆ తలుపు తీసిన తల్లిదండ్రుల గురించీ చెప్పుకోవాలి.

అయితే ఈ కథను ఎక్కడ పడితే అక్కడ ఉదాహరణగా చూపకూడదు. అమిష్ సంఘాల్లోనే పిల్లలపై లైంగిక హింస జరిగినప్పుడు, క్షమ పేరుతో నోరు నొక్కారన్న ఆరోపణలు వచ్చాయి. నేరం చేసినవాడు అదే ఇంట్లో తిరుగుతుంటే, బిడ్డను క్షమించమనడం మరో హింస. నికెల్ మైన్స్‌లో హంతకుడు అప్పటికే చనిపోయాడు. బతికుంటే, కోర్టు మెట్లెక్కి సాక్ష్యం చెప్పడం కూడా పిల్లల పట్ల బాధ్యతేనని ఆ పెద్దలు అనుకునేవారా?