స్విచ్ ఎవరి చేతిలో ఉంది?

కరెంటు, ఇంటర్నెట్ రెండూ ఇరవై నాలుగు గంటలూ ఉంటున్నాయి. ఒకటి నిద్ర ఇచ్చింది, ఇంకోటి తీసుకుపోయింది. ఎందుకని?

తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు 2018 జనవరి 1న మొదలైంది. అంతకుముందు శామీర్‌పేట పక్కన అలియాబాద్ లాంటి ఊళ్లలో బోరు రైతుకి కరెంటు వంతుల ప్రకారం వచ్చేది, చాలాసార్లు రాత్రిపూట. చీకట్లో పొలానికి పోవాలి, లేదంటే మోటారుకి ఆటోస్టార్టర్ పెట్టుకోవాలి. 24 గంటల సరఫరా వచ్చాక ప్రభుత్వమే ఆటోస్టార్టర్లు తీసేయమంది. మోటారు ఎప్పుడు వేయాలో ఇక రైతు ఇష్టం.

అవే ఊళ్లలో ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ వాళ్ల సంగతి తలకిందులు. ఇక్కడ ఆటోస్టార్టర్ మనమే. ఆన్‌కాల్ వారంలో ఫోన్ మోగకపోయినా నిద్ర సగమే పడుతుంది.

2025 జులైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకి 10 గంటల పనిని అనుమతించింది, వారానికి 48 దాటితే ఓవర్‌టైమ్ ఇవ్వాలంది. ఆ లెక్కలో పని ఉంది, ఎదురుచూపు లేదు.

రాత్రి ఆస్పత్రి సర్వర్ ఆగితే ఎవరో ఒకరు లేవాల్సిందే, కాదనను. కానీ లేవడానికి సిద్ధంగా పడుకోవడం కూడా డ్యూటీయే. దానికి జీతం, మర్నాడు విశ్రాంతి ఉండాలి. మెలకువను ఉచితంగా తీసుకునే హక్కు ఎవరికీ లేదు.