ఛాయాచిత్రము - నిక్షేపధర్మము

నా స్మార్ట్‌ఫోను జారిపడి అద్దము పగిలినది. దివంగతురాలైన గృహిణి కడపటి ఛాయాచిత్రములు అందే కలవు. వేరొకచోట ప్రతి లేదు. "తెర మార్చి రహస్యసంఖ్య నొక్కినచో చిత్రములు దక్కును. లోపలి బోర్డు చెడినచో, వానికి తాళముండుటచే మెమరీ చిప్పును ఊడదీసినను ఫలము లేదు" అని మరమ్మతుదారు చెప్పెను. ఫోనును, సంఖ్యను విడిచి పొమ్మనెను.

అందు కోడలి చిత్రములు, మనుమరాండ్ర చిత్రములును కలవు గదా! మనుస్మృతి 8వ అధ్యాయమున చెప్పిన నిక్షేపము ధనమునకేనా? నన్ను నమ్మి యెదుట నిలిచినవారి రూపము నిక్షేపము కాదా? అతడు దుష్టుడని కాదు; ఇచ్చు అధికారము నాకు లేదు.

మోకాళ్లు పీకుచున్నను సాయంకాలము వరకు దుకాణముననే కూర్చుంటిని. సంఖ్యను నేనే నొక్కితిని. మొదటి చిత్రమున ఆమె తులసికోట యొద్ద, "చాలులెండి" అన్నట్లు ముఖమునకు చేయి అడ్డము పెట్టుకొని యున్నది.