సంవత్సరి నాటికి తీరవలసిన బాకీ



వర్తకుల యిండ్లలో దీపావళి నాటికి చిట్టా ఆవర్జాలు సరిచూచి, కొత్త పుస్తకమునకు పూజ చేయుట తరతరముల ఆచారము. అంతకు ముందే, భాద్రపదమున, సంవత్సరి నాడు మూయవలసిన ఖాతా మరియొకటి గలదు. దాని పేరు వైరము. నయాపైస తేడా వచ్చినను నిద్రపోని వర్తకుడు ఈ ఖాతాను మాత్రము ఏటేట నిలువ క్రింద ముందునకు వ్రాసికొనుచునే యుండును.

శ్వేతాంబర కర్మగ్రంథములు క్రోధమును నాలుగు తరగతులుగా చెప్పినవి. నీటిపై గీత వంటిది సంజ్వలనము. పక్షము దినములలో చెదరును. ఇసుకపై గీత వంటిది ప్రత్యాఖ్యానావరణము. దానికి నాలుగు మాసములు. ఎండిన నేల బీట వంటిది అప్రత్యాఖ్యానావరణము. దానికి ఒక సంవత్సరము. కొండ పగులు వంటిది అనంతానుబంధి. అది జీవితాంత ముండి సమ్యక్త్వమునే చెఱచును. దిగంబర గ్రంథములలో కాలపరిమితి వేఱైనను భావ మొక్కటియే. పక్ఖి, చౌమాసి, సంవత్సరి ప్రతిక్రమణముల గడువులను ఈ లెక్క ప్రక్కన పెట్టి చూడుడు. పక్షమున కొకటి, నాలుగు మాసముల కొకటి, ఏడాది కొకటి. ఆ తరువాత వాయిదా లేదు.

ఇది ఆత్మకు సంబంధించిన మాట. దేహము సంగతి యేమి?

అమెరికాలోని ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయము వారు 2005లో ప్రకటించిన పరిశోధన యొకటి కలదు. 42 జంటల ముంజేతులపై చిన్న పొక్కులు కలిగించి, అవి మానుటకు ఎన్ని దినములు పట్టునో చూచిరి. ఒకమారు దంపతులు ఆదరముగా మాటలాడుకొనిరి. మరియొకమారు తమ మధ్యనున్న తగవును చర్చించిరి. తగవు నాటి పుండు మానుటకు ఒక దినము అధికముగా పట్టెను. పరస్పరము ద్వేషముగా మాటలాడు జంటలలో పుండు మానెడు వేగము, సౌమ్యులైన జంటల వేగములో నూటికి అఱువది పాళ్లే. మఱునాటి ఉదయమున వారి రక్తములో వాపునకు కారణమగు పదార్థములు ఎక్కువగా కనబడెను. నోటితో అన్నమాట చేతి పుండుదాక పోయిన దన్నమాట! హార్వర్డు వారు 1938లో ఆరంభించి, మొత్తము 724 మందిని దశాబ్దముల తరబడి గమనించిన పరిశీలనలో గూడ, ఏబదవ యేట తనవారితో సఖ్యముగా నున్నవారే ఎనుబదవ యేట ఆరోగ్యముగా నున్నట్లు తేలినది. వైద్యుని మందు మానవలెనని దీని యర్థము కాదు. రక్తపు పోటు తగ్గుటకై క్షమాపణ చెప్పుటయు వ్యాపారమే గాని ధర్మము గాదు.

ఒకే గోడకు ఇరువైపుల రెండు దుకాణములు పెట్టుకొని, పదియేండ్లు పలుకరించుకొనని అన్నదమ్ములు ఏ ఊరి బజారులోనైన నుందురు. తగవు వచ్చినది వాటా లెక్కలో. తల్లి మాత్రము పెద్దవాని యింట భోజనము చేసి చిన్నవాని యింట ఆ సంగతి దాచును. ఆమెకు నిద్రపట్టని రాత్రులను ఏ ఆవర్జాలో వ్రాయుదురు?

వీతభయపురపు రాజు ఉదాయనుని కథ జైనులలో విననివారు లేరు. ఉజ్జయినీశుడు చండప్రద్యోతుడు ఆయన యింటి దాసిని, మహావీరస్వామి చందన ప్రతిమను అపహరించెను. ఉదాయనుడు దండెత్తి, వానిని పట్టి, నొసట దాసీపతి యని ముద్ర వేయించి బందీగా తెచ్చుచుండెను. వానకాలము వచ్చుటచే త్రోవలో విడిది చేసిరి. పర్యుషణ దినమున ఉదాయనునకు ఉపవాసము. వంటవాడు వచ్చి, నేడేమి భుజింతురని ప్రద్యోతు నడిగెను. ఎన్నడును అడుగనివాడు నేడడుగుట విషము పెట్టుటకే యని బెదరి, తానును శ్రావకుడనే, తనకును ఉపవాసమే యని ప్రద్యోతుడు పలికెను. అది భక్తి కాదు, భయము. ఆ సంగతి ఉదాయనునకు తెలియకపోలేదు. అయినను సాధర్మికుని సంకెళ్లలో నుంచి తాను చేయు ప్రతిక్రమణము చెల్లదని యెంచి, కట్లు విప్పించి, క్షమాపణ వేడి, నొసటి ముద్ర కనబడకుండ బంగారు పట్టము కట్టించి రాజ్యమిచ్చి పంపెను. పదిమంది రాజులు విడిసిన చోటు గనుక దానికి దశపురమని పేరు వచ్చినదందురు. అదియే నేటి మధ్యప్రదేశములోని మంద్‌సౌర్.

ఇప్పుడు సంవత్సరి వచ్చినచో మిచ్ఛామి దుక్కడం అని ఒకే సందేశము ఫోనులో అయిదువందల మందికి క్షణములో పోవుచున్నది. ఎన్నడును తగవు పడని సూరతు బేరగానికి పోవును, బెంగుళూరు వియ్యంకునికి పోవును. గోడ ప్రక్కవానికి మాత్రము పోదు. అతనికి ఫోను అక్కఱలేదు. నాలుగడుగులు నడిచిన చాలును. అన్న ముందు రావలెనా, తమ్ముడు ముందు పోవలెనా యని ఇండ్లలో వాదము వచ్చును. దశపురములో ముందు వచ్చినవాడు గెలిచిన రాజు. ఓడినవాడు సంకెళ్లలో నుండెను గదా, ఎట్లు రాగలడు?