సెలవుదినముల సేవ

పేదపల్లెకు సెలవులలో సేవకై పోవుట పాశ్చాత్య క్రైస్తవ సంఘములలో ఇప్పుడొక ఆచారమైనది. పది పదునైదు దినములు అచటనుండి, బడిగోడలకు సున్నము వేసి, పిల్లలకు పాటలు నేర్పి, మందులు పంచి, ప్రార్థనలు జరిపి, ఛాయాచిత్రములతో తిరిగివత్తురు. బరంపురములో గోసాని నువాగాం నివాసియైన ఒక జైన వర్తకుని కుమారుడు, క్రైస్తవుడైన సహపాఠితో కూడి గజపతి జిల్లా కొండపల్లెకు ఇట్టి యాత్ర పోయెదనని తండ్రిని అడిగెననుకొనుడు. తండ్రి యేమనవలెను?

భోజనము మాట మొదట వచ్చును; తల్లి అడుగునది అదియే. అది పెద్ద చిక్కు గాదు. ఖాకరాలు, అటుకులు, వేయించిన శనగలు మూటగట్టుకొని పోవచ్చును. ప్రొద్దు గ్రుంకకముందే తినవచ్చును. సరకు కొనుటకు ఊరూరు తిరిగిన తాతలు చేసినదియు ఇదియే గదా.

రెండవది మతము మాట. అన్యమతస్థులతో కలిసి సేవ చేసినచో సమ్యక్త్వమునకు భంగము గలుగునా? కళింగదేశమున ఈ ప్రశ్నకు సమాధానము రాతిపైననే యున్నది. భువనేశ్వరము చెంత ఉదయగిరిలోని హాథీగుంఫా శాసనము అర్హంతులకును సిద్ధులకును నమస్కారముతో ఆరంభమగును. అదే శాసనము చివర, ఖారవేలుడు సర్వమతములను గౌరవించినవాడనియు, సర్వదేవాలయములను బాగుచేయించినవాడనియు చెప్పబడినది. తన ధర్మమున నిలుకడ గలవానికి పరుల గుడికప్పు బాగుచేయించుటవలన లోపమేమియు రాలేదు.

అసలు చిక్కు మూడవది. మందు నిచ్చు చేయి దానితోపాటు మతమును గూడ అంటగట్టుచున్నదా? ఒడిశాలో 1967లోనే బలవంతముచేతను, ప్రలోభముచేతను, మోసముచేతను మతము మార్పించుటను నిషేధించుచు చట్టము చేయబడెను. 1977లో సుప్రీంకోర్టు అది చెల్లునని తీర్పు చెప్పెను. చట్టము తన దారిన తానుండగా, 1999 జనవరిలో కెందుఝర్ జిల్లా మనోహరపురమున, కుష్ఠురోగుల సేవలో మూడు దశాబ్దములకు పైగా గడిపిన గ్రాహం స్టెయిన్స్ అను ఆస్ట్రేలియా దేశీయుని, ఆయన యిద్దరు చిన్న కుమారులను, వాహనములో నిద్రించుచుండగా సజీవదహనము చేసిరి. మతమార్పిడిపై ఎవరి అభిప్రాయమేదియైనను, అహింస వ్రతముగా గలవారికి ఆ పని హింసయే; వేరొక పేరు వెదకనక్కరలేదు.

ప్రలోభమనగా నేమో వర్తకునికి వేరుగ చెప్పవలసిన పని లేదు. చక్కెర కావలెనన్నవానికి టీపొడి పొట్లము గూడ కొననిదే చక్కెర తూచని అంగడి వంటిది అది. ప్రార్థనకు కూర్చుండని రోగికి అదే మాత్ర, అదే మర్యాదతో దొరకినచో అది ఔషధదానము. దొరకనిచో బేరము. ఈ కొలబద్దను మిషను వారికి మాత్రమే పెట్టి ఊరకుండుట న్యాయము గాదు. జైనులు జరుపు శిబిరములో, కంబళి యిచ్చుటకు ముందు మాంసము మానెదనని ప్రమాణము చేయుమని బీదవానిని వరుసలో నిలబెట్టినచో, అదియేమి? మాంసము మానుట మంచిదే. కాని చలికి వణకువానిచేత చేయించినది ప్రమాణము గాదు. అది కంబళి ధర.

బరంపురమునుండి దక్షిణముగా శ్రీకాకుళం జిల్లాలో సోంపేట కలదు. అచ్చటి ఆరోగ్యవరము ఆసుపత్రి కెనడా బాప్టిస్టు మిషను పనిలో వెలసినది. (మదనపల్లె ఆరోగ్యవరము వేరు, అది క్షయరోగులకై ఏర్పడినది.) ఆ మిషను 1874లో కాకినాడలో తెలుగువారి నడుమ పని ఆరంభించెను. సోంపేటలో బెన్ గల్లిసన్ అను కెనడా వైద్యుడు దశాబ్దముల తరబడి నివసించి కంటి చికిత్సలు చేసెను. ఆయన సెలవులకు వచ్చినవాడు గాడు. కాల్గరీ నగరమున ఆర్ట్ జెంకిన్స్ అను వ్యాపారికి ఆయన వలన సోంపేట అవసరములు తెలిసినవి. జెంకిన్స్ వైద్యుడు గాడు. శుక్లము తీయుట ఎరుగడు. అతడెరిగినది వ్యాపారము. కనుక ధనము సమకూర్చు పనికి పూనుకొనెను. 1963లో ఆరంభమైన ఆ యత్నమే ఆపరేషన్ ఐసైట్ యూనివర్సల్ అను సంస్థ. గల్లిసన్ మిషనరీగానే వచ్చెను, నిజమే. చూపు వచ్చిన పిదప ఆ కన్ను దేనిని చూడవలెనన్నది ఆ కంటివాని యిష్టము.

ఇచట ఉమాస్వాతి తత్త్వార్థసూత్రములోని ఒక సంగతి స్మరింపదగియున్నది. అతిథి సంవిభాగ వ్రతమునకు ఐదు అతిచారములు చెప్పబడినవి. వానిలో ఒకటి మాత్సర్యము. మరియొకటి కాలాతిక్రమము, అనగా ఇయ్యవలసిన వేళ దాటించుట. ఆ నియమము మునులకిచ్చు ఆహారమును గూర్చినది. అయినను దానిలోని వివేకము సేవాయాత్రకును చాలును. సెలవు దాత సౌకర్యము ననుసరించి వచ్చును. ఆకలి పంచాంగము చూచి రాదు. 2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపురము చెంత తీరము దాటెను. అట్టి తుఫాను పిమ్మట మొదటి వారములో అన్నము కావలెను, తరువాత కప్పు కావలెను, ఆ తరువాత విత్తనము కావలెను. సెలవులు మొదటి దానితోనే అయిపోవును.

లెక్క చూచువారు ఇంకొకటి అడుగుదురు. పదిమంది కుర్రవాండ్ర దారిఖర్చు ఎంత, ఆ సొమ్ముతో ఊరిలోని తాపీమేస్త్రికి ఎన్ని దినముల కూలి దొరకును? కరండి పట్టనెరుగని చేతులు కట్టిన గోడను మేస్త్రి మరల సరిచేయవలసియుండును. ఆ కూలి అతనికే యిచ్చియుండిన గోడయు నిలుచును, అతని యింట పొయ్యియు మండును. ఈ వాదము సరియైనదే, కాని సంపూర్ణము గాదు. ఇంటనుండి సొమ్ము పంపినవాడు పల్లెను చూడడు. చూడనివానికి తన అంగడికి వచ్చు చింతపండు ఎవరి చేతిమీదుగా వచ్చెనో తెలియదు.

ఈ మాట వర్తక కుటుంబములకు కొంత కటువుగా ఉండవచ్చును. కొండపల్లెల చింతపండు, పసుపు మైదానపు అంగళ్లకే దిగును. అచౌర్య వ్రతమునకు చెప్పిన అతిచారములలో హెచ్చుతగ్గు తూనికలును కలవు. సంవత్సరమంతయు తూకములో తరుగు తీసిన యింటివాడు పది దినములు అదే పల్లె బడికి సున్నము వేసినచో, ఆ పల్లె అతనికి ఋణపడదు. కుమారుడు పోవుటకు ముందు తండ్రి తన తక్కెడను ఒకసారి చూచుకొనుట ఉచితము.

అటుపిమ్మట పోనిమ్మనవచ్చును. అయితే కుర్రవాడు తోడివారిని మూడు సంగతులు అడిగి తెలిసికొనవలెను: ఈ పని పల్లెవారు కోరినదా, ప్రార్థనకు రానివానికి పంపకములో లోటుండునా, వచ్చు సంవత్సరము ఎవరు పోయి చూతురు. కరండి పట్టుట అతనికి రాదు, వైద్యమును రాదు. పదియేండ్ల ప్రాయమునుండి దుకాణములో కూర్చున్నవాడు గనుక జమాఖర్చు వచ్చును. ఆ పల్లెలో స్త్రీల పొదుపు సంఘమున్నచో, వారు కోరినచో, చింతపండు తూకము, ధర, బాకీ వ్రాసికొను పద్ధతి వారికి చూపవచ్చును. క్రిస్మసు సెలవులలో పుస్తకము మొదలుపెట్టినచో, ఉగాదికి తప్పులు దిద్దుటకు ఒకసారి, దీపావళికి ఖాతా ముగింపు చూచుటకు ఒకసారి, ఆ సహపాఠి రాకపోయినను, అతడు మరల కొండ ఎక్కవలసియుండును.