వినమనొచ్చు, నమ్మమనొచ్చా?

2007లో అమెరికాలోని డెలావేర్ విశ్వవిద్యాలయం హాస్టళ్లలో వైవిధ్య శిక్షణ పేరిట విద్యార్థులను ఒక్కొక్కరినే కూర్చోబెట్టి మాట్లాడేవారు. ‘నీ లైంగికత ఏమిటో నీకు ఎప్పుడు తెలిసింది?’ అన్నది వాళ్లు అడిగిన ప్రశ్నల్లో ఒకటి. అడిగేవాళ్లకిచ్చిన శిక్షణ కాగితాల్లోనేమో తెల్లవాళ్లంతా జాతివివక్షాపరులేనన్న నిర్వచనం! హాస్టళ్లలో ఉన్నది దాదాపు 7,000 మంది. సంగతి బయటికి పొక్కి గొడవయ్యాక, నవంబరులో విశ్వవిద్యాలయ అధ్యక్షుడే ఆ కార్యక్రమాన్ని ఆపించారు.

తోటివాళ్లను చిన్నచూపు చూడొద్దని చెబితే ఎవరూ కాదనరు. పేచీ అంతా ‘తప్పనిసరి’ దగ్గరే. ఇది మతం పేరిట మూడు శతాబ్దాల కిందటే నడిచిన పేచీ. రాజ్యం దండించి మనిషి నడవడిని మార్చగలదు గానీ విశ్వాసాన్ని మార్చలేదని తత్వవేత్త జాన్ లాక్ 1689లో వాదించాడు. మరుసటి ఏడాదే ఆక్స్‌ఫర్డ్ మతాచార్యుడు జోనాస్ ప్రోస్ట్ అడ్డు తగిలాడు: నమ్మించలేకపోతే పోనీ, కాస్త ఒత్తిడి పెడితే పెడచెవిన పెట్టేవాడైనా ఒకసారి ఆలకిస్తాడు కదా!

నేడు నిర్బంధ శిక్షణను సమర్థించేవాళ్లు తమకు తెలియకుండానే ప్రోస్ట్ శిష్యులు. ఆయన మాటలో పస లేకపోలేదు. కాలిఫోర్నియా 2020లో చేసిన చట్టం ప్రకారం, కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీలో డిగ్రీ కావాలంటే మూడు యూనిట్ల ఎత్నిక్ స్టడీస్ కోర్సు చదవాల్సిందే. గిట్టనివాడి చేత కూడా లెక్కలు చేయించే కాలేజీకి ఇందులో హక్కు లేదనలేం. పాఠంతో విభేదిస్తూ రాసినవాడికీ మార్కులు పడుతున్నంతకాలం అది చదువే. ‘నేను పక్షపాతినని ఒప్పుకుంటున్నాను’ అన్న గడిలో టిక్కు పెడితే తప్ప గట్టెక్కనివ్వకపోతే మాత్రం అది పాపనివేదన.

ఈ గీతను కోర్టులు ఎప్పుడో గీశాయి. జెండాకు వందనం చేయని ‘యెహోవా సాక్షులు’ అనే క్రైస్తవ శాఖ పిల్లలను బడి నుంచి వెళ్లగొట్టడం చెల్లదని 1943లో బార్నెట్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. 1986లో కేరళలో అదే మతానికి చెందిన ముగ్గురు పిల్లల కేసు మన సుప్రీంకోర్టుకు వచ్చింది. జాతీయగీతం వస్తుంటే వాళ్లు మర్యాదగా లేచి నిలబడేవారు, పాడేవారు కాదు. వాళ్ల పక్షాన తీర్పు రాసింది మన తెలుగాయన, జస్టిస్ ఓ.చిన్నపరెడ్డి.

టెక్సస్ 2023లో కాలిఫోర్నియాకు ఎదురుదారి పట్టింది. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చేరేందుకు డైవర్సిటీ శిక్షణను షరతుగా పెట్టకూడదని చట్టం చేసింది. ఆ మేరకు లాక్ మెచ్చుకునేవాడేమో! కానీ ఫ్లోరిడా 2022లో జాతి గురించి క్లాసులో ఏ అభిప్రాయాలను సమర్థించకూడదో ప్రొఫెసర్లకే నిర్దేశించింది. ఇదీ మనసు మీద పెత్తనమే, దిశ ఒక్కటే మారింది. ఫెడరల్ జడ్జి దాన్ని ఆ నవంబరులోనే నిలిపేశారు.

శిక్షణ పనిచేస్తుందా అన్నది వేరే సంగతి. కంపెనీలను పరిశీలించిన సామాజికశాస్త్రవేత్తలు డాబిన్, కలేవ్ 2016లో పెదవి విరిచారు. మేనేజర్లకు శిక్షణ తప్పనిసరి చేసిన ఐదేళ్లకు ఆ హోదాలో నల్లజాతి స్త్రీల వాటా పెరగకపోగా సగటున 9 శాతం తగ్గిందట.

మనవాళ్లకు నేరుగా తగిలేది కులం. కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 2022 జనవరిలో తన వివక్ష వ్యతిరేక నిబంధనల్లో కులాన్నీ చేర్చింది. అక్కడ చేరిన తెలుగు కుర్రాడికి ఇంటిపేరు అడిగి రూమ్మేట్‌ను దూరం పెట్టడం ఫిర్యాదుకు దారితీయొచ్చని, ఆ ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలో తప్పనిసరిగా చెప్పాలి. కులం గురించి అతని మనసులో ఏముందో రాసి సంతకం పెట్టమనాల్సిన పని లేదు.