చెఱ వీడినవానికి చోటెక్కడ?





మన యిండ్లలో పెండ్లి జరుగవలెనన్న ఆఱు మాసములు ముందుగనే ఏర్పాట్లు మొదలగును. తొలకరి రాకమునుపే రైతు విత్తనములు సిద్ధపఱచుకొనును. శివరాత్రి దాసోహమునకు బియ్యము, కట్టెలు ముందే మఠమునకు చేరును. కాని ఏడెనిమిదేండ్లు చెఱలో గడపిన మనుజుడు బయటకు వచ్చు దినమునకై ఏర్పాటు చేయువారు అరుదు. ఆ ఉదయము తలుపు తెఱతురు. అతని చేతిలో ఒక సంచి, కొద్దిపాటి పైకము ఉండును. ఆ రాత్రి అతడు ఎచట భుజించును? ఎచట పరుండును? మఱునాడు ఏ పనికి పోవును? ఈ మూడు ప్రశ్నలకు మంచివారు సమాధానము చెప్పనిచో పాత సావాసగాండ్రు చెప్పుదురు. తిరిగి నేరము చేయుటకు దారి పెక్కుమార్లు అచటనే మొదలగుచున్నది.

ఉరిలింగపెద్ది చరిత్ర మనలో చాలమంది వినియున్నదే. అంటరానివారని లోకము దూరముంచిన కులమున బుట్టి, దొంగతనముతో పొట్టపోసికొనుచుండిన అతడు ఒకనాటి రాత్రి నాందేడులో సూరయ్య యను భక్తుని యింట కన్నము వేయబోయెనట. ఆ వేళ ఉరిలింగదేవుడు సూరయ్యకు లింగదీక్ష ప్రసాదించుచుండెను. దాగియుండి ఆ దృశ్యమును చూచిన దొంగ మనసు కరగెను. సొమ్మును మఱచి గురువును వెదకికొనుచు పోయెను. దీక్ష వెంటనే దొరకలేదు. అతడు దినదినము కట్టెలమోపు తెచ్చి మఠమున వేయుచు వేడుకొనుచుండెను. ఒకనాడు గురువు విసిగి విసరిన రాతినే లింగముగా భావించి పూజించెను. ఆ నిష్ఠకు మెచ్చి గురువు దీక్ష యొసగెను. కాలక్రమమున ఆ దొంగయే ఆ మఠమునకు అధిపతి యయ్యెను. అతని వచనములు నేటికిని నిలిచియున్నవి.

మనము ఈ కథలోని అద్భుతమును మాత్రమే చెప్పుకొని కట్టెలమోపును మఱచుచున్నాము. అతని మనసు మాఱుటకు ఒక్క రాత్రి చాలెను. లోకమునకు అతనిపై నమ్మకము కుదురుటకు ఎన్నో దినములు పట్టెను. ఆ నడిమి కాలమున అతనికి పోదగిన గుమ్మము ఒకటి, చేయదగిన పని ఒకటి ఉండెను. అవి లేకున్నచో ఆ రాత్రి కలిగిన పశ్చాత్తాపము ఏమై యుండెడిదో ఆలోచింపుడు.

బసవేశ్వరుడు కల్యాణమున బోధించిన కాయకతత్త్వము ఇదియే. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుట మంచిదే. కాని చేయి చాచుటయే బ్రతుకైనప్పుడు మనిషి క్రుంగిపోవును. తన చెమటతో తెచ్చిన దానిలో కొంత తానును జంగమమునకు సమర్పింపగలిగిన నాడు తలయెత్తి నిలుచును. కావున చెఱ వీడినవానికి దాసోహమున పంక్తి చూపుటతో మన ధర్మము తీఱదు. కాయకము చూపవలెను.

ఈ మాటను నా తప్పునుండి నేర్చుకొంటిని. కొన్నేండ్ల క్రిందట శిక్ష ముగించుకొని వచ్చిన ఒకడు మఠము వాకిట నిలిచి పని యడిగెను. మేము భోజనము పెట్టితిమి, పంచె యిచ్చితిమి, బస్సుకు డబ్బులిచ్చి పంపితిమి. పుణ్యము చేసితిమని సంతోషించితిమి. అతడడిగినది పని. దానిని మాత్రము ఇయ్యలేదు. సంవత్సరము తిరుగకమునుపే అతడు మరల జైలున కలడని వింటిని. నాటినుండి ఆ పంచె నా మనసును పీడించుచునే యున్నది.

లోకమును ఈ సత్యమును క్రమముగా గుర్తించినది. ఐక్యరాజ్యసమితి 1955లో రూపొందించి, 2015లో సవరించి నెల్సన్ మండేలా పేరు పెట్టిన నియమములు, శిక్ష మొదటి దినమునుండియే ఖైదీ విడుదల తరువాతి జీవితమును ఆలోచింపవలెనని చెప్పుచున్నవి. వెడలునపుడు అతనికి గుర్తింపు పత్రములు, తగిన వసతి, పని, ఋతువునకు తగిన బట్టలు, ఊరు చేరుటకు సాధనము ఉండవలెనని అందే కలదు. మన దేశమున 1977లో ఆంధ్రప్రదేశ్‌నుండి వచ్చిన ఒక అప్పీలులో సుప్రీంకోర్టు, న్యాయమూర్తి కృష్ణయ్యరు నోట, నేరస్థుడు సంస్కరింపదగినవాడేనని పలికి శిక్షాకాలమును తగ్గించెను. 1980లో ఏర్పడిన ముల్లా సంఘము కారాగార సంస్కరణలను సమగ్రముగా పరిశీలించి 1983లో నివేదిక సమర్పించెను. 1998లో సుప్రీంకోర్టు కఠినశిక్షలో పనిచేయు ఖైదీలకు న్యాయమైన కూలి ఇయ్యవలెనని, అందులో కొంత బాధితులకు చేరు ఏర్పాటును చేయవలెనని తీర్పు చెప్పెను. 1894 నాటి కారాగార చట్టమునకు మాఱుగా 2023లో కేంద్రము సిద్ధపఱచిన నమూనా చట్టము విడుదలైనవారి పునరావాసమునకు చోటిచ్చినది. తెలుగు నాట జైళ్ల శాఖవారి పెట్రోలు బంకులలో ఖైదీలు నమ్మకముగా పనిచేయుట మన కన్నుల యెదుటనే యున్నది. ఐనను చట్టము తలుపువఱకే వచ్చును. తలుపు దాటిన పిదప తోడు నడువవలసినది సమాజము.

కావున మఠములును కుటుంబములును ఏమి చేయవలెను? విడుదలకు ఆఱు మాసములు ముందుగా జైలు అధికారుల అనుమతితో ఖైదీని కలిసికొనవలెను. ఆధారు, రేషను కార్డు, బ్యాంకు ఖాతా ఉన్నవో లేవో విచారింపవలెను. అలిగియున్న తల్లిదండ్రులతోను, భార్యతోను, ఊరి పెద్దలతోను మాటాడవలెను. ఒకప్పుడు కుటుంబము రానిచ్చినను ఊరు రానీయదు. అట్టివానికి వేఱొక చోటు ముందే వెదకవలెను. మగ్గమో, వడ్రంగమో, వంటయో, లోపల నేర్చిన పని తెలిసికొని, ఆ పని ఇచ్చు యజమానిని ముందే ఒప్పింపవలెను. త్రాగుడు అలవాటున్నవానికి వైద్యము కుదుర్పవలెను. మాసము దినములు పరుండుటకు మఠమున ఒక గది చాలును. విడుదల నాడు గుమ్మమునొద్ద తెలిసిన ముఖము ఒకటి ఉండవలెను. పిదప ఏడాదిపాటు మాసమున కొకసారియైన అతని క్షేమము కనుగొనవలెను.

“దొంగను ఆదరించిన, సొమ్ము పోగొట్టుకొన్నవాని గతి యేమి?” అని కొందఱడుగుదురు. న్యాయమైన ప్రశ్న. బాధితుని కన్నీరు తుడువక నేరస్థుని మాత్రమే లాలించుట ధర్మము కాదు. అతని కూలిలో కొంత బాధితులకు చేరుట మేలు. ఎవనికి ఏ పని అప్పగింపవలెనో వివేకముతో నిర్ణయింపవలెను. అందఱును మాఱుదురని నేను చెప్పను. కాని నిలువ నీడలేక అతడు మరల దొంగిలించినచో నష్టపడునది మఱియొక యిల్లే. అది మన యిల్లే కావచ్చును. ఇంకొక మాట. మన దేశపు జైళ్లలో సుమారు నాల్గింట మూడు వంతులు విచారణ ముగియనివారే. తీర్పు రాకమునుపే వారిని ఊరు దోషులుగా ఎంచుచున్నది.

శరణులారా! ప్రతి మఠము ఏడాదికి ఒక్కని భారము వహించిన చాలును. ఇష్టలింగమును అరచేత నిలిపి పూజించు మనము, పూజ ముగిసిన పిదప ఆ చేతిని పడినవానికి అందింపవలదా? కట్టెలమోపు తెచ్చువాడు నేడును వచ్చుచునే యున్నాడు. మఠము తలుపు తెఱచియున్నదా యని మనము చూచుకొందము.